పచ్చ రంగు పుల్ల

మా ఇంట్లో కప్పుకేకులు కాల్చే పళ్ళెం ఒకటుండేది, పన్నెండు గుంతలది. ఆ ఏడు మార్చి నెలంతా దాన్నిండా బోల్టులే. ఏది ఎక్కడ విప్పానో మరిచిపోకుండా గుంతకొక రకం చొప్పున వేసి, వంటింటి బల్ల మీద పెట్టుకున్నాను. నా భార్య లూయెల్లా ఆదివారం కేకులు చెయ్యడం మానేసింది. పళ్ళెం ఖాళీ లేక మానేసిందనుకున్నాను.

"ఏం మిల్ట్, నీ బోల్టులు ఇంకా పొంగలేదా?" అనేది బల్ల దాటి వెళ్తూ.

"ఇంకో రెండు వారాలు," అనేవాణ్ణి.

ఆ మార్చి రెండో వారంలోనే ఆమె ఒక్కతే కారేసుకుని మిల్వాకీ ఆసుపత్రికి వెళ్ళి వచ్చింది. కళ్ళజోడు మార్పించుకోవడానికని నాతో చెప్పింది. ఆకులు రాలే కాలం చూడటం కష్టమని అక్కడి డాక్టరు ఆమెతో చెప్పాడు. ఇది నాకు జూన్ దాకా తెలియదు. ఆమెకు తెలుసు. ఆ వసంతంలో నేను అన్న ప్రతి మాటా, తెలిసిన మనిషి వింటూండగా తెలియని మనిషి అన్న మాట. అంతకు మించి నాకు వేరే సాకు లేదు.

అసలు పని పిస్టన్ రింగులు మార్చడం, అంతే. మా చిన్న ట్రాక్టరు బెల్‌ఫోర్డ్. 1964లో మా ఊరి ఫ్యాక్టరీలోనే తయారైంది. పొలాల్లో తిరిగే పెద్ద ట్రాక్టర్ల పక్కన దూడలా ఉంటుంది. వేసవిలో గడ్డి కోస్తుంది, చలికాలంలో వాకిట్లో మంచు తోస్తుంది, వసంతంలో ఒంటి నాగలి తగిలిస్తే పెరటి తోట దున్నుతుంది. మా పెళ్ళయిన ఏడు కొన్నాం. ఆ ఫ్యాక్టరీలో రంగులు వేసే చోట మా నాన్న ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. ఆయన గోళ్ళ కింది పచ్చ రంగు శవపేటికలోకి కూడా ఆయన వెంటే వెళ్ళింది. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. అయినా మా ఊళ్ళో ఇప్పటికీ ఇంటింటా ఒక పచ్చ బండి ఉంటుంది. వేరే కంపెనీ ఎర్ర బండి ఉన్నవాణ్ణి పెళ్ళి విందుల్లో కూడా ఎగతాళి చెయ్యకుండా వదిలిపెట్టరు.

అంతకుముందు చలికాలం మా బండి నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. ఇంజను విప్పి రింగులు మారిస్తే పది రోజుల పని. కానీ ఆగస్టులో జరిగే పాత యంత్రాల ప్రదర్శనలో ఆ ఏడు బెల్‌ఫోర్డులకు మొదటి వరస ఇస్తున్నామని ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. ఎలాగూ ఇంజను దించాను కదా అని చక్రాలు తీశాను. చక్రాలు తీశాను కదా అని ఇరుసులు తీశాను. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయినట్టు, మార్చి మూడో వారానికి గరాజులో ట్రాక్టరు అనేదే లేదు. నేలంతా దాని ముక్కలు పరిచి ఉన్నాయి.

బడిలో రసాయనశాస్త్రం చెప్పడం మానేసి అప్పటికి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఇంట్లో ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా నాకు తెలియలేదు. తుప్పు అంటే ఏమిటో ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద రాశాను. దాన్ని చేత్తో గీకడం అదే మొదలు. పొద్దున గరాజులోకి వెళ్తే, భోజనానికి పిలుపు వచ్చేదాకా కాలం తెలిసేది కాదు. నాకు తెలియకుండానే ఈల కూడా వేసేవాణ్ణట.

మార్చి చివర్లో ఒక పొద్దున లూయెల్లా గరాజు గుమ్మంలో నిలబడింది. చేతిలో విత్తనపు బంగాళాదుంపల సంచి.

"మిల్ట్, గుడ్ ఫ్రైడే ఈసారి పదో తారీకున పడింది."

"పడనీ."

"దుంపలు పెట్టాలి కదా."

మా వైపు గుడ్ ఫ్రైడే నాడు దుంప పెడతారు. సరస్సు మీది గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా సరే, ఒక్క ముక్కైనా మట్టిలో పెట్టి వస్తారు. లూయెల్లా వాళ్ళమ్మ పెట్టేది, వాళ్ళ అమ్మమ్మ పెట్టేది.

"ఒక రెండు వారాలు ఆలస్యంగా పెడితే పుట్టి మునుగుతుందా?"

"మునగదు," అంది. సంచి చెయ్యి మార్చుకుంది. "కానీ ఈ ఏడు నాకు తోట తొందరగా కావాలి."

"ఈ ఏడు ఏమిటంత ప్రత్యేకం?"

ఆమె నా వెనక నేల మీద పరిచిన ముక్కల వంక చూసింది. "ఏం లేదు. ఊరికే," అంది.

నలభై అయిదేళ్ళ కాపురంలో లూయెల్లా నన్ను ఏదీ రెండోసారి అడగలేదు. ఆ వసంతంలో తోట కోసం మూడుసార్లు అడిగింది. అప్పుడు నేను లెక్క పెట్టుకోలేదు.

రెండోసారి అడిగింది ఓర్విల్ జాస్ట్రో నోటితో. ఓర్విల్ మా ఎదురింటాయన. నాకంటే ఆరేళ్ళు పెద్ద, పెళ్ళి చేసుకోలేదు. పాలకేంద్రం లారీ నడిపి నడిపి రిటైరయ్యాడు. ఆయనకున్న తోడల్లా ఒక ముసలి కుక్క, ఇండియానాలో పుట్టిన ఒక ఎర్ర బండి. ఆ బండి రంగు సగం ఎండ తినేసింది, సగం తుప్పు తినేసింది. సీటు మీద గోనెసంచి మడత. ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం దానికి నాగలి తగిలించుకుని మా వాకిట్లోకి వచ్చి నిలిపాడు.

"ఏం మాస్టారూ, శవపరీక్ష ఇంకా అవలేదా?"

"నీ ఎర్రముద్దకి ఆ భాగ్యం కూడా ఉండదులే."

"ముద్దయినా నడుస్తోంది కదయ్యా. నీది అందగత్తె, మంచం దిగదు. అమ్మాయి తోట దున్నిపెట్టనా? అరగంట పని. కూలి కింద ఆపిల్ పై ఒక ముక్క పెడితే చాలు."

ఓర్విల్ 'అమ్మాయి' అని పిలిచే లూయెల్లా వంటింటి మెట్టు మీద నిలబడి ఉంది, చేతులు రెండూ ఏప్రన్‌లో చుట్టుకుని.

నేను నవ్వాను. "మా పెరట్లో ఎర్ర చక్రమా? మా నాన్న సమాధిలోంచి లేచి వస్తాడు."

"రానీ. వచ్చి నీ రింగులు బిగించి పోతాడు."

"నలభై అయిదేళ్ళుగా ఈ మట్టిని పచ్చ బండే తిరగేసింది ఓర్విల్. ఇంకో రెండు వారాలు ఆగలేదా ఏం? తీసుకుపో దాన్ని, చమురు కారి నేల పాడైపోతుంది."

మా ఊళ్ళో అందరూ ఆడుకునే మాటలే అవి. ఎర్ర బండివాడు నవ్వాలి, తిరిగి ఒక మాట వెయ్యాలి. ఓర్విల్ నవ్వలేదు. మెట్టు వైపు చూశాడు. లూయెల్లా చాలా కొద్దిగా తల అడ్డంగా ఆడించింది. ఆయన నాగలి పైకెత్తి, బండి వెనక్కి తిప్పుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

"పాపం, అడిగాడు కదా మిల్ట్."

"సరదాకన్నాను లూ. వాడికి తెలియదా?"

మర్నాడు ఆమె పెరట్లో ఒక మూల పారతో తవ్వుతూ కనిపించింది. బల్లంత మేర తవ్వి ఆగింది. పార కర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. గరాజు కిటికీలోంచి చూసి, కాస్త కదలడం ఒంటికి మంచిదే అనుకున్నాను. అనుకుని, వాల్వులు నూరుకోవడంలో పడ్డాను.

ఇక రంగు సంగతి. బెల్‌ఫోర్డ్ పచ్చ ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. ఊళ్ళో మిగతా బళ్ళకు ఎవరికి తోచిన పచ్చ వాళ్ళు ఎప్పుడో పూసేసుకున్నారు. ఎండకు వెలవని అసలు రంగు మా బండి మొత్తం మీద ఒక్కచోటే మిగిలింది, సీటు కింద అరచేయంత. దాన్ని చూసుకుంటూ మూడు రోజులు చిన్న గిన్నెలో రంగులు కలిపాను. రంగుల కొట్టువాళ్ళు కలుపుకోవడానికి ఇచ్చే చెక్కపుల్ల కొసను ముంచడం, ఆరనివ్వడం, సీటు కింద ఆనించి చూడటం. మూడో రోజు పుల్లకూ బండికీ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. నాన్న గోళ్ళ పచ్చ. ఆ సంతోషంలో కొలతలు రాసుకోలేదు. "ముందు కొలత రాయండి, తరువాత కలపండి" అని ఎన్ని వందలమంది పిల్లలను మందలించానో నేను! పుల్ల ఉంది కదా అనుకున్నాను. దాన్ని గరాజు కిటికీ గట్టు మీద ఆరబెట్టాను. గుడ్ ఫ్రైడే నాడు ప్రార్థన అయ్యాక రేకు భాగాలన్నీ కారులో వేసుకుని, పక్క ఊళ్ళో తెలిసిన వెల్డరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇసుకను గాలితో చిమ్మి పాత రంగు ఒలుస్తాడు. సాయంత్రానికి బండి మీద అసలు రంగు పొడ కూడా లేకుండా పోయింది.

శనివారం పొద్దున చూస్తే పుల్ల లేదు.

కిటికీ కింద, బల్ల కింద, చెత్తబుట్టలో, అంతటా వెతికాను. వంటింట్లోకి వెళ్ళాను. లూయెల్లా ఈస్టరుకి గుడ్లు ఉడకబెడుతోంది.

"లూ! కిటికీ మీద పుల్ల ఏదీ?"

"ఏ పుల్ల?"

"కొసకి పచ్చ రంగు ఉన్నది. ఆ రంగుకి లోకంలో మిగిలిన ఆధారం అదొక్కటే. పారేశావా?"

"చెత్తలో వెయ్యలేదు," అంది. సూటిగా నా మొహంలోకి చూసి అంది. తరువాత చూపు దించుకుంది. "చూస్తాను."

"ఏం చూస్తావు? ఈ ఇంట్లో ఏదీ పెట్టినచోట ఉండదు. నెల రోజుల కష్టం మట్టిపాలు చేశావు. నీకు నా పనంటే చెత్తే!"

బడిలో కూడా నేను ఎవరి మీదా అలా గొంతు లేపలేదు. గిన్నెలో గుడ్లు ఒకదానికొకటి తగిలి టకటకలాడుతున్నాయి. ఆమె మంట తగ్గించింది.

"గుడ్డు తింటావా?" అంది.

తినలేదు. గరాజులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. తప్పయిందని ఆ రోజు అనలేదు, ఆ తరువాతా అనలేదు. భార్యాభర్తల మధ్య ఇలాంటివి వాటంతటవే అణిగిపోతాయని అప్పట్లో నా నమ్మకం.

ఆ తరువాత ఆమెకు కొత్త అలవాటొకటి వచ్చింది. పొద్దున కాఫీ అయ్యాక, రాత్రి మిగిలిన మాంసం ముక్కలు గిన్నెలో వేసుకుని ఓర్విల్ కుక్కకు పెట్టడానికి రోడ్డు దాటి వెళ్ళేది. అరగంటకు తిరిగి వచ్చేది. వెనక గుమ్మంలో ఆమె బూట్లకు ఎప్పుడూ తడిమట్టి.

"కుక్క దగ్గరికేనా నువ్వు వెళ్ళేది, పందుల దొడ్లోకా?" అన్నాను ఒకసారి. రంగు వేసే రోజులు, ఇంట్లో రవ్వంత దుమ్ము లేచినా నాకు మంట.

"బ్రహ్మచారి వాకిలి మరి," అంది. మర్నాటి నుంచి బూట్లు బయటే విప్పి, మెట్టుకి కొట్టి, దులిపి, చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చేది.

పుల్ల లేదు కనుక రంగు జ్ఞాపకం మీద కలిపాను. మూడు వారాలు పట్టింది. మే మూడో వారానికి బండి నాలుగు చక్రాల మీద నిలబడింది. తిప్పగానే ఇంజను అందుకుంది, పొగ లేదు, మగ్గం ఆడినట్టు ఒకటే చప్పుడు. లూయెల్లా బయటికి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. హుడ్ మీద చెయ్యి వెయ్యబోయి, నా మొహం చూసి, చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని అప్పుడు వేసింది.

"పెళ్ళినాటిలా ఉంది," అంది.

"నువ్వా, బండా?"

"నేను కాదని ముగ్గురికీ తెలుసు," అని నవ్వింది. ఆమె బుగ్గలు లోపలికి పోయాయని అప్పుడు గమనించాను. ఈస్టరు ముందు నలభై రోజులు మానేసిన తీపి ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. "ఇంక దున్నుతావా? నేల ఆరింది. చిక్కుడుకీ మొక్కజొన్నకీ ఇంకా అదనుంది."

అది మూడోసారి.

"రంగు గట్టిపడాలంటే నెల పడుతుంది లూ. నాగలి తగిలిస్తే రాళ్ళెగిరి గీతలు పడతాయి. ప్రదర్శన అయ్యేదాకా దీనికి మట్టి తగలకూడదు. ఆగస్టు పదిహేను దాటనీ, నీ ఇష్టం. రోజూ దున్నమన్నా దున్నుతాను."

"ఆగస్టులో దున్ని ఏం వేస్తాం?"

"వచ్చే ఏటికి పనికొస్తుంది."

ఆమె తల ఊపింది. బండి మీద తెల్ల దుప్పటి కప్పుతుంటే అవతలి అంచు పట్టుకుంది. మా పక్క సర్దేటప్పుడు పట్టుకున్నట్టే, ముడత లేకుండా లాగి పట్టుకుంది.

జూన్ రెండో శుక్రవారం ఊళ్ళో హోటలుకి చేపల వేపుడు తినడానికి వెళ్ళాం. శుక్రవారం సాయంత్రం మా ఊళ్ళో పొయ్యి వెలిగించే ఇల్లు ఉండదు. లూయెల్లా చేప ముట్టలేదు. రొట్టె అంచు తుంచి తుంచి పళ్ళెంలో పేర్చింది. ఇంటికి వచ్చి వాకిట్లో కారు ఆపితే దిగలేదు. ఇంకా బోలెడు వెలుగుంది. ఎదుట ఓర్విల్ తన కుక్క చెవులు దువ్వుతూ అరుగు మీద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇంజను ఆపు మిల్ట్. ఒక మాట చెప్పాలి."

చెప్పింది. ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినట్టే చెప్పింది. క్లోమంలో కాన్సరని, మార్చిలో తెలిసిందని, మందులు వాడితే కొన్ని వారాలు కలుస్తాయి కానీ ఆ వారాలన్నీ ఆసుపత్రి మంచం మీదే అని, అందుకని వద్దన్నానని.

నేను స్టీరింగు పట్టుకునే ఉన్నాను. "మార్చిలోనా," అన్నాను. "మూడు నెలలు... నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే గరాజు దాకా వచ్చాను. రెండుసార్లు." కిటికీ వైపు తిరిగింది. "నువ్వు ఈల వేస్తున్నావు. ఈ ఇంట్లో ఈల విని రెండేళ్ళయింది. ఇంకొన్నాళ్ళు విందామనిపించింది."

శనివారం పొద్దున ఆమె లేవకముందే దుప్పటి లాగేశాను. నాగలి తగిలించాను. పెరట్లో కలుపు మోకాలెత్తు పెరిగి ఉంది. మొదటి సాలుకే ఒక రాయి ఎగిరి ఎడమ మడ్‌గార్డు మీద వేలెడు గీత పడింది. ఆ చప్పుడు విని నాకు ఊరట కలిగింది. ఇంకో నాలుగు పడితే బాగుండుననిపించింది.

లూయెల్లా రాత్రి గౌను మీద నా కోటు వేసుకుని మెట్టు మీదికి వచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని బండి ఆపాను.

"ఏమిటా వంకర! ఆవు నడుస్తూ పోసినట్టుంది సాలు!"

"అంత చాతనైతే నువ్వే నడుపు."

"దిగు మరి," అని మెట్లు దిగి వచ్చింది. సీటు పట్టుకుని ఒక కాలు పైకెత్తబోయింది. అందలేదు. కాలు దించి, "సర్లే, నువ్వే పోనీ. నాకు కాఫీ కావాలి," అంది.

ఆ మధ్యాహ్నం ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే చిక్కుడు గింజలు నేను పెట్టాను.

"వేలెడు లోతు చాలు మిల్ట్. అంత లోతెందుకు, పాతిపెడుతున్నావా?"

నేను తల ఎత్తలేదు. "గింజ కన్ను కిందికి పెట్టు," అంది మామూలు గొంతుతో.

జూలైలో ఆమె మంచం కిటికీ పక్కకు జరిపాను. మాటలు తగ్గాయి. ఒక పొద్దున నా చెయ్యి మీద చెయ్యి వేసి, "మిల్ట్, ఒకసారి ఈల వెయ్యి," అంది. పెదవులు సున్నా చుట్టాను. గాలి వచ్చింది గానీ ఈల రాలేదు.

"పోనీలే. బండి తియ్యి. ఆ చప్పుడైనా విందాం."

కిటికీ కింద చాలాసేపు గడ్డి కోశాను. ఒకసారి కోసిన చోటే మళ్ళీ కోశాను. లోపలికి వచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచే ఉంది.

"మిల్ట్, ఆ రోజు నీ రంగు పుల్ల..." అని మొదలుపెట్టింది.

నాకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది. "దాని మాట ఎత్తకు లూ. వద్దు. దయచేసి దాని మాట ఎత్తకు," అన్నాను. ఆమె నా మొహం చూసి ఊరుకుంది. తప్పయిందని చెప్పడానికి దేవుడు ఎదురుగా తెచ్చి పెట్టిన సందు అది. నా సిగ్గు దాచుకోవడానికి ఆమె నోరు మూయించాను.

ఆగస్టు ఆరున పోయింది. చిక్కుడు పూత మీద ఉంది. సంతాపానికి వచ్చిన వాళ్ళలో పాత యంత్రాల సంఘానికి చెందిన ఒకాయన గరాజులోకి తొంగిచూసి, "అయ్యయ్యో, మడ్‌గార్డు!" అని నాలిక కరుచుకున్నాడు. ప్రదర్శనకు నేను వెళ్ళలేదు.

సెప్టెంబరు మూడో వారంలో ఓర్విల్ బకెట్టూ, పళ్ళున్న పారా పట్టుకుని మా వెనక గుమ్మానికి వచ్చాడు. కుక్క వెంట ఉంది.

"మాస్టారూ, బూట్లు తొడుక్కో. అమ్మాయి దుంపలు తవ్వాలి."

"ఏ దుంపలు?"

"రా. చూద్దువు గాని."

ఓర్విల్ తోట ఆయన కొట్టానికి వెనక ఉంది, మా ఇంటికి కనబడదు. అందులో చివరి బోదె ఒక్కటీ మిగతావాటిలా లేదు. తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. లూయెల్లా మట్టి ఎగదోసే తీరు నాకు తెలుసు. అరచేతుల అంచులతో రెండు వైపులా ఎగదోసి, పైన ఒక్కసారి తడుతుంది, పసిపిల్లను జోకొట్టినట్టు. వేసవి వానలన్నీ పడ్డా ఆ తీరు పూర్తిగా పోలేదు.

"గుడ్ ఫ్రైడే నాడు నువ్వు రేకులు వేసుకుని వెళ్ళావు చూడు, అప్పుడొచ్చింది," అన్నాడు ఓర్విల్. "ముక్కలు కోసుకుని గిన్నెలో తెచ్చుకుంది. నాది ఇసుక నేల కదా, ముందే ఆరుతుంది. ఎర్రదాన్ని తీసి ఒక్క సాలు పోశాను. మోకాళ్ళ మీద కూచుని అన్నీ తనే పెట్టుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు."

"అప్పటికే నీకు తెలుసా?"

"ఆ రోజే చెప్పింది. నీకు చెప్పమని పోట్లాడాను మాస్టారూ. 'ఆయన బండి లేపనీ, తరువాత చెప్తాను' అంది. రోజూ పొద్దున వచ్చేది. కుక్కకి ఒక ముక్క, దీనికి ఒక చూపు. జూన్ ఆఖరుకి రాలేకపోయింది. నీళ్ళు నేను పోశాను."

నాలుగు అడుగులు వేస్తే దాటే రోడ్డు. దానికి అవతల, ఎర్ర నాగలి తీసిన సాలులో, ఆమె తన ఆఖరి తోట దొంగతనంగా పెట్టుకుంది. నా పెరడు ఖాళీగా ఉండగా.

బోదె చివర ఒక చెక్కపుల్ల గుచ్చి ఉంది. వానకు నెరిసిపోయింది. దాని మీద పెన్సిలుతో ఆమె రాత: ఏప్రిల్ 10.

"ముందు దాన్ని పీకు. పార తగిలితే విరుగుతుంది," అన్నాడు ఓర్విల్.

పీకాను. మట్టిలోంచి పచ్చగా వచ్చింది.

రంగున్న కొసను కిందికి పెట్టి గుచ్చింది, చెక్క కుళ్ళకుండా. తోటపని తెలిసినవాళ్ళు ఎవరైనా అలాగే గుచ్చుతారు. బొటనవేలితో మట్టి తుడిచాను. ఎండ తగలలేదు కనుక వెలవలేదు. నాన్న గోళ్ళ పచ్చ.

"దీనికోసం కేకలేశావట కదా," అన్నాడు ఓర్విల్, నా వైపు చూడకుండా. "ఈస్టరు నాడే వచ్చింది, పీకి నీకిచ్చేస్తానని. మట్టి మరక చూసి మాస్టారు ఎక్కడిదంటే ఏం చెప్తావమ్మాయ్ అన్నాను. మళ్ళీ ఒకసారి పీకబోయి మానేసింది. అందులో నాదీ తప్పుంది."

"ఇంటినిండా పుల్లలున్నాయి. దీన్నే ఎందుకు తెచ్చింది?"

ఓర్విల్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "అదీ నా నోటి తీటే. చివరికి ఎర్ర బండే దిక్కయింది కదా అమ్మాయ్ అని ఎగతాళి చేశాను. లేచి, మీ గరాజుకి పోయి దీన్ని పట్టుకొచ్చింది. గుచ్చి ఏమందో తెలుసా? 'ఇది బెల్‌ఫోర్డ్ తోటే ఓర్విల్. అడుగున పచ్చ ఉంది. నీ ఎర్రది ఇవాళ కూలికొచ్చింది, అంతే. మా ఆయన దగ్గర గొప్పలు పోకు.'"

ఆ మాట ఆమె గొంతుతోనే వినబడింది నాకు. ఓర్విల్ పార నేలకు గుచ్చి వదిలేసి, కుక్కకు గోమారి పట్టిందేమో చూస్తానంటూ కొట్టం అవతలికి వెళ్ళాడు. దానికేమీ పట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వాను. దుంపలు బాగా ఊరాయి.

బకెట్టు తెచ్చి గరాజులో దించి, పుల్లను బండి హుడ్ మీద ఆనించాను. నా రంగు ఒక పిసరు నీలానికి మళ్ళింది. అసలు పచ్చ ఇదేనని మే నెలలో ప్రమాణం చేసి చెప్పి ఉండేవాణ్ణి.

"రెండూ ఒకటేగా," అన్నాడు ఓర్విల్ వెనకనుంచి.

"కాదు," అన్నాను.

బండికి మళ్ళీ రంగు వెయ్యలేదు. మడ్‌గార్డు మీద గీత ఆ చలికాలంలోనే తుప్పు పట్టింది. అది ఏ రసాయన చర్యో నాకు తెలుసు, ఎలా ఆపాలో తెలుసు. ఆపలేదు. మరుసటి ఏడు గుడ్ ఫ్రైడే ఇంకా ముందు వచ్చింది. ఆ రోజు రోడ్డు దాటి వెళ్ళి, మా పెరడు దున్నిపెట్టమని ఓర్విల్‌ని అడిగాను.

"మీ నాన్న లేచి వస్తాడేమో మాస్టారూ?"

"ఆయనకి నేను చెప్పుకుంటాలే."

ఎర్ర బండి వచ్చి దున్నింది. నేను గడియారం చూసుకున్నాను. సరిగ్గా అరగంట పట్టింది. ఓర్విల్ వెళ్ళాక ముక్కలు పెట్టి, మట్టి కప్పి, సాలు చివర పుల్ల గుచ్చాను, పచ్చ కొస కిందికి.